చైనా వెళ్తే అక్కడి కళను ఎలా చూడాలి: పాత పటాల నుంచి ఫ్యాక్టరీ గ్యాలరీల దాకా

బీజింగ్‌లో పాత చక్రవర్తుల కోట ఫర్బిడెన్ సిటీకి వెళ్లినవాళ్లు చాలామంది దక్షిణ ద్వారంలోంచి లోపలికి అడుగుపెట్టి, నడిమధ్య దారి వెంట సింహాసనాలున్న మందిరాలు ఒక్కొక్కటే దాటుకుంటూ ఉత్తర ద్వారంలోంచి బయటపడతారు. చిత్రాల గ్యాలరీ ఆ దారిలో ఉండదు. తూర్పు పక్కకు తిరగాలి. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ తిరగలేదు. వెయ్యేళ్ల చిత్రకళ గోడకు అవతల ఉందని తెలియక ఫొటోలు తీసుకుంటూ వెళ్లిపోయాను. ఇంటికొచ్చాక తెలిసింది. ఆ బాధ చాలాకాలం ఉండిపోయింది. రెండోసారి కళ కోసమే వెళ్లాను. అప్పుడు నేర్చుకున్నది మీకు వరసగా చెప్తాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. పాతది ముందు చూడండి, కొత్తది తర్వాత. ఈనాటి చైనా కళాకారులు చాలామంది తమ పాత కళతోనే మాట్లాడుతుంటారు. ఒక్కోసారి దండం పెడుతూ, ఒక్కోసారి పోట్లాడుతూ. ఆ పాతదేమిటో తెలియకపోతే సంభాషణలో సగమే వినపడుతుంది.

1. ఊళ్లు తగ్గించుకోండి

పన్నెండు రోజులు ఉంటే బీజింగ్‌కు నాలుగు, గుహచిత్రాలున్న డున్‌హువాంగ్‌కు రెండు, పింగాణీ ఊరు జింగ్‌డెజెన్‌కు రెండు, షాంఘైకి మూడు, ప్రయాణానికి ఒకటి. వారమే ఉంటే బీజింగ్, షాంఘై చాలు. రోజుకు ఒక్క మ్యూజియం కంటే ఎక్కువ పెట్టుకోకండి. రెండు గంటలు దాటాక కళ్లు చూస్తుంటాయి గానీ మనసుకు ఏదీ ఎక్కదు.

రాజుల సేకరణ అంతా బీజింగ్‌లోనే ఉందనుకోవద్దు. జపాన్ సైన్యం భయంతో 1933లో వేల పెట్టెలు కట్టి దక్షిణానికి తరలించారు. అంతర్యుద్ధం చివర్లో, 1948-49లో, వాటిలో మేలైనవి చాలా తైవాన్ చేరాయి. అందుకే పాత కొండల చిత్రాల్లో ఆణిముత్యాలు కొన్ని తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉన్నాయి. దానికి వీసా వేరు, ప్రయాణం వేరు.

2. బుకింగులు ముందే చేసుకోండి

చైనా మనవాళ్లకు టూరిస్ట్ వీసాలు ఇస్తోంది. 2025 అక్టోబరు నుంచి నేరుగా విమానాలూ తిరుగుతున్నాయి. వీసా చేతికొచ్చాక అసలు పని మ్యూజియం టికెట్లు.

ఫర్బిడెన్ సిటీ టికెట్లు ఏడు రోజుల ముందు ఆన్‌లైన్‌లో వదులుతారు. పాస్‌పోర్ట్ నంబరుతో బుక్ చేసుకోవాలి, గేటు దగ్గర ఆ పాస్‌పోర్టే చూపించాలి. రోజుకు ఇంతమందే అని లెక్క ఉంటుంది కాబట్టి సెలవు రోజుల్లో గబగబా అయిపోతాయి. చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుందని గుర్తుపెట్టుకోండి. డున్‌హువాంగ్ గుహలకైతే నెల ముందే చూసుకోవాలి. ఉచితంగా చూడగల మ్యూజియాలకు కూడా చాలాచోట్ల రిజర్వేషన్ అడుగుతారు.

సోమవారం చాలా మ్యూజియాలకు, గ్యాలరీలకు సెలవు. ఆ రోజును రైలు ప్రయాణానికి పెట్టుకోండి. అక్టోబరు మొదటి వారం, మే మొదటి వారం, వాళ్ల కొత్త సంవత్సరం, ఈ మూడు సమయాల్లో మాత్రం వెళ్లకండి. దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది.

గూగుల్, వాట్సాప్ అక్కడి వైఫైలో పనిచేయవు, ఇక్కడి నుంచే రోమింగ్ వేయించుకుంటే సాధారణంగా పనిచేస్తాయి. డబ్బు చెల్లించడానికి అలీపే యాప్ బయల్దేరే ముందే పెట్టుకుని కార్డు కలుపుకోండి, కొంచెం నగదు కూడా ఉంచుకోండి. బోర్డుల మీద అక్షరాలను ఫొటో తీసి అనువదించే యాప్‌లో చైనీస్ భాషను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చిత్రం పక్కనుండే చిన్న చీటీలు చదవడానికి నాకు అంతకంటే అక్కరకొచ్చింది ఇంకోటి లేదు.

3. పటం ముందు నిలబడ్డప్పుడు

ఇక్కడే ఎక్కువసేపు ఆగుదాం.

సిరా చిత్రాల పటాలు, అంటే స్క్రోళ్లు, ముఖ్యంగా రెండు రకాలు. గోడకు వేలాడదీసేవి ఒకటి, చేత్తో విప్పేవి రెండోది. చేతి స్క్రోలును కుడి నుంచి ఎడమకు చూడాలి. ఆ రోజుల్లో దాన్ని బల్ల మీద పెట్టుకుని, ఎడమ చేత్తో మూరెడు విప్పుతూ, చూసేసిన భాగాన్ని కుడి చేత్తో చుట్టుకుంటూ పోయేవారు. మన చేర్యాల నకాశీ పటం కూడా కథ నడిచేకొద్దీ విప్పేదే. అయితే అది ఊరి జనం కూర్చుని వినడానికి, ఇది ఒకరో ఇద్దరో దగ్గరగా వంగి చూడడానికి.

మ్యూజియంలో అద్దం కింద మొత్తం పరిచేస్తారు. మీరు మాత్రం ఎడమ వైపు తొంగిచూడకుండా కుడి చివరకు వెళ్లి నిలబడండి. మూరెడు చూడండి. ఒక అడుగు జరగండి. మళ్లీ మూరెడు.

అలా చూస్తే ఏమవుతుందో ఒక పటంతో చెప్తాను. 12వ శతాబ్దం మొదట్లో జాంగ్ జెదువాన్ పట్టు గుడ్డ మీద గీసిన పటం ఒకటుంది. చింగ్‌మింగ్ పండగ నాటి నదీతీరం అని దాని పేరు చెప్పుకోవచ్చు. ఎత్తు 24.8 సెంటీమీటర్లు, జానెడు కంటే కాస్త ఎక్కువ. పొడవు 5 మీటర్ల 28 సెంటీమీటర్లు. కుడి చివర పొగమంచు పట్టిన పొలాలు, గాడిదలు తోలుకొచ్చే మనుషులు. చాలాసేపు నెమ్మదిగా సాగుతుంది. నది వస్తుంది, పడవలు వస్తాయి, జనం పెరుగుతారు. సరిగ్గా నడుమకొచ్చేసరికి విల్లులా వంగిన చెక్క వంతెన. దాని కిందికి పెద్ద పడవ వచ్చేసింది, తెరచాప కొయ్య ఇంకా పూర్తిగా దించలేదు! పడవ మీద ఉన్నవాళ్లు కొయ్యను లాగుతున్నారు, ఒకడు గడకర్రతో వంతెనను తోస్తున్నాడు, పైనుంచి ఎవరో తాడు వేస్తున్నారు, పిట్టగోడ మీదికి వంగిన జనం చేతులూపి అరుస్తున్నారు. ఆ గోల పట్టనట్టు వంతెన మీద ఒక పల్లకీ, గుర్రమెక్కిన ఒక మనిషి ఎదురెదురు పడి దారి కోసం తోసుకుంటున్నారు. ఒక్కో మనిషి గోరంత కూడా ఉండడు. మొత్తం ఒకేసారి చూసేసినవాళ్లకు వంతెన కనిపిస్తుంది గానీ ఆ గుండెదడ అందదు.

ఈ అసలు పటం బీజింగ్ ప్యాలెస్ మ్యూజియందే, అంటే ఫర్బిడెన్ సిటీలోని మ్యూజియందే. ఎప్పుడో గానీ బయటికి తీయరు. 2015లో తీసినప్పుడు జనం గేటు తెరవగానే పరుగులు పెట్టి గంటలకొద్దీ క్యూలో నిలబడ్డారు. పట్టు, సిరా, రంగులు వెలుతురుకు పాడైపోతాయి. అందుకే ఏ పాత చిత్రాన్నైనా కొద్దివారాలు చూపించి, ఏళ్ల తరబడి చీకట్లో దాచేస్తారు. కాబట్టి ఫలానా చిత్రమే చూడాలని పంతం పట్టకండి. మీరు వెళ్లిన నెలలో ఏది బయట ఉంటే అదే మీ అదృష్టం.

కొండల చిత్రాల ముందు మరో పద్ధతి. వీటిని షాన్‌షుయ్ అంటారు, కొండ-నీరు అని అర్థం. ముందు మనిషిని వెతకండి. తప్పకుండా అని చెప్పలేను గానీ చాలావాటిలో ఎక్కడో ఒకడుంటాడు. తైపేలో ఉన్న, ఫాన్ క్వాన్ అనే పాత చిత్రకారుడు గీసిన చిత్రం రెండు మీటర్లు దాటిన ఎత్తు, సింహభాగం ఒకే ఒక్క మహాపర్వతం. కింద కుడివైపు మూలలో సరుకు మోసే గాడిదలను తోలుకుంటూ ఇద్దరు మనుషులు, చీమల్లా. వాళ్లు కంటపడ్డ క్షణాన కొండ ఒక్కసారిగా పెరిగిపోతుంది. దాని మీద చిత్రకారుడి సంతకం 1958 దాకా ఎవరికీ దొరకలేదు. వెయ్యేళ్లుగా చిత్రంలోని చెట్ల ఆకుల మధ్యే దాగుంది.

మనిషి దొరికాక అతను నడిచే దారి పట్టుకోండి. దారి ఒకచోట మాయమవుతుంది, మరోచోట గుడి కప్పుగా తేలుతుంది. మధ్యలో ఖాళీగా వదిలేసిన చోటును చూడండి. అక్కడ కుంచె తగలలేదు, ఉత్త పట్టు, ఉత్త కాగితం. అదే పొగమంచు, అదే నీరు. దాన్ని ల్యూబై అంటారు, తెలుపు వదలడం. ఖాళీని ఎక్కడ ఉంచాలో తెలియడమే అక్కడ పెద్ద విద్య.

చివరగా ఎర్ర ముద్రలు. అవి చిత్రకారుడివి మాత్రమే కావు. ఆ పటం తర్వాత ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో వాళ్లందరూ వేసినవి. 18వ శతాబ్దపు చక్రవర్తి చియన్‌లోంగ్ అయితే తనకు నచ్చిన పటాల మీద ముద్రలే కాదు, కవితలు కూడా రాశాడు. మనకు అది బొమ్మ పాడుచేయడంలా అనిపిస్తుంది. నాకైతే ఇప్పటికీ ఆ అలవాటు నచ్చదు. కానీ వాళ్ల లెక్కలో పటం ఒకరు గీసి ముగించేది కాదు, తరతరాలూ దాని మీద మాట కలుపుతాయి.

4. చదవలేని అక్షరాలను చూడడం

చేతిరాత పటాల గదిని మనవాళ్లు ఆగకుండా దాటేస్తారు, భాష రాదని. అక్కడి వాళ్లకు చిత్రకళ కంటే చేతిరాతే గొప్పది. ఆగండి.

మనింటి ముందు ముగ్గు గుర్తుచేసుకోండి. ఏ ముగ్గైనా చూసి, చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ జారిపోయిందో చెప్పేయగలం. ఆగిన చోట పిండి ఎక్కువ పడుతుంది, విసురుగా లాగిన చోట సన్నబడుతుంది. ఇక్కడా అంతే. ఒక అక్షరం ఎంచుకుని, పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, గీత వెంట గాల్లో వేలు కదపండి. సిరా నిండుగా దిగిన చోటు, కుంచె ఎండిపోయి గీతలో తెల్లటి చారలు తేలిన చోటు, రెండూ కనిపిస్తాయి. ఆ రాసినవాడి ఊపిరి వేగం మీ వేలికి తెలుస్తుంది. ఇందుకు భాష రానక్కర్లేదు.

5. డున్‌హువాంగ్: చీకట్లో టార్చి వెలుగు

వాయవ్యాన గోబీ ఎడారి అంచున మొగావ్ గుహలు. 366లో ఒక భిక్షువు మొదటి గుహ తొలిచాడని చెప్తారు. ఆ తర్వాత వెయ్యేళ్లు తొలుస్తూనే ఉన్నారు. ఇవాళ లెక్కకు 735 గుహలు, వాటిలో 492 గుహల్లో చిత్రాలు, శిల్పాలు ఉన్నాయి.

సీజన్‌లో మామూలు టికెట్ రోజుకు ఆరువేల మందికే. ముందు డిజిటల్ సెంటర్‌లో రెండు సినిమాలు చూపించి, బస్సులో గుహల దగ్గరికి తీసుకెళ్తారు. గైడు తాళం తీసి, టార్చి వేసి, ఎనిమిది గుహలు చూపిస్తారు. ఏవి చూపిస్తారో మన చేతుల్లో ఉండదు. లోపల ఫొటోలు నిషేధం. మన ఊపిరిలోని తేమకే గోడల రంగు పెచ్చులూడుతుంది, అందుకే ఇన్ని ఆంక్షలు. ఇంగ్లిష్ గైడు కావాలని బుక్ చేసుకునేటప్పుడే చూసుకోండి.

లోపల రెండు విషయాలు గుర్తుంచుకోండి. ముఖాలు, చేతులు నల్లగా కనిపిస్తే అలాగే గీశారనుకోకండి. రంగుల్లో కలిపిన సీసం శతాబ్దాల గాలికి నల్లబడింది, అప్పట్లో అవి గులాబీ రంగు ఒళ్లు. రెండోది, కథ ఏ వైపు నడుస్తుందో అడగండి. 257వ గుహలో తొమ్మిది రంగుల జింక కథ ఉంది. అది మన రురు జాతకమే. నదిలో కొట్టుకుపోతున్న మనిషిని జింక కాపాడుతుంది, తన జాడ ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంటుంది, అతను బహుమతికి ఆశపడి రాజుకు చెప్పేస్తాడు. గోడ మీద ఈ కథ ఒక చివర మొదలై రెండో చివర ముగియదు. రెండు చివర్ల నుంచీ నడిచి మధ్యలో కలుస్తుంది. అక్కడ గుర్రం మీద రాజు, ఎదురుగా తలెత్తి నిలబడి జరిగింది చెప్తున్న జింక.

538, 539 సంవత్సరాల నాటి రాతలున్న 285వ గుహలో శివుడు, కుమారస్వామి, ఏనుగు తల వినాయకుడు కనిపిస్తారు, బుద్ధుడి కొలువులో. ఇలాంటి గుహలకు విడిగా డబ్బు కట్టాలి, అన్నివేళలా తెరిచి ఉండవు. దొరికితే మాత్రం వదలకండి. మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్లిన హుయాన్ త్సాంగ్ ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు డున్‌హువాంగ్ మీదుగానే నడిచాడు. అమరావతి రాళ్ల మీది జాతక కథలు చూసిన కళ్లతో ఈ గోడలు చూస్తే కొత్తచోటికి వచ్చినట్టు అనిపించదు.

6. జింగ్‌డెజెన్: పింగాణీ ఊరు

ఈ ఊరు వందల ఏళ్లు రాజులకు పింగాణీ పంపింది. కయోలిన్ అనే తెల్లమట్టికి ఆ పేరు ఈ ఊరి పక్కనున్న గావ్‌లింగ్ కొండ నుంచే వచ్చింది. ఒక కప్పు తయారవడానికి 72 చేతులు మారుతుందని 1637 నాటి ఒక గ్రంథం రాసింది.

మ్యూజియం కంటే ముందు పనిచేసే చోటికి వెళ్లండి. నీలిరంగు పూలు వేసే మనిషి పక్కన పది నిమిషాలు నిలబడండి. కుంచెలోని కోబాల్ట్ రంగు అప్పుడు బూడిద నలుపులో ఉంటుంది. ఆరిన పచ్చిమట్టి తడిని తగలగానే పీల్చేస్తుంది, గీత తప్పితే దిద్దడానికి వీలుండదు. పైన మెరుపు పూత వేసి సుమారు 1300 డిగ్రీల దగ్గర కాల్చాకే అది నీలం అవుతుంది. అంటే ఆ మనిషి కంటికి కనిపించని రంగుతో గీస్తున్నాడు. ఇది చూశాక మ్యూజియం అద్దాల వెనక జాడీలు వేరేగా కనిపిస్తాయి.

పాత పింగాణీ ఫ్యాక్టరీని మార్చి చేసిన తావ్‌షిచువాన్‌లో వారాంతపు సంతలో కుర్ర కుమ్మరులు తాము చేసినవి తామే అమ్ముతారు. కొనాలంటే అక్కడ కొనండి. చైనా కళాకారుడు అయ్ వెయ్‌వెయ్ 2010లో లండన్‌లో పరిచిన పది కోట్ల పొద్దుతిరుగుడు గింజలు కూడా ఈ ఊరి మనుషులే చేత్తో చేసి, ఒక్కొక్కదానికీ రంగు వేసిన పింగాణీ. పాత విద్యకూ కొత్త కళకూ మధ్య గోడ లేదని తెలిసేది ఇక్కడే.

7. ఇప్పుడు కొత్త కళ దగ్గరికి

బీజింగ్‌లో మొదట 798కి, అంటే పాత ఫ్యాక్టరీల్లో వెలిసిన గ్యాలరీల పేటకు, వెళ్లకండి. నగరం నడుమనున్న జాతీయ కళా మ్యూజియం ముందు కాసేపు నిలబడండి. 1979 సెప్టెంబరులో లోపల చోటు దొరకని కుర్ర కళాకారులు కొందరు తమ బొమ్మలను బయట కంచెకు తగిలించారు. తమను తాము నక్షత్రాలు అని పిలుచుకున్నారు. 1988లో అదే భవనంలో షూ బింగ్ అనే కళాకారుడు 'ఆకాశం నుంచి వచ్చిన పుస్తకం' అనే రచన చూపించాడు. అచ్చం పాత గ్రంథంలా ఉంటుంది, కప్పు నుంచి వేలాడే పొడవాటి కాగితాలు, నేల మీద పరిచిన పుస్తకాలు. అందులో సుమారు నాలుగువేల అక్షరాలు, అన్నీ ఆయన కల్పించినవే. ఒక్కటీ ఎవరూ చదవలేరు, చైనా వాళ్లు కూడా. నాలుగో అంచెలో మీరు చదవలేని అక్షరాల ముందు నిలబడ్డారు కదా, ఆ స్థితిలోకి ఆయన దేశాన్నంతా తెచ్చి నిలబెట్టాడు.

ఆ తర్వాత 798కి వెళ్లండి. 1950లలో తూర్పు జర్మనీ సాయంతో కట్టిన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు ఇవి. రంపపు పళ్లలాంటి కప్పులు, పై కిటికీల నుంచి దిగే మెత్తటి వెలుగు. కొన్ని హాళ్ల కప్పుల మీద మావో కాలపు ఎర్ర నినాదాలు అలాగే వదిలేశారు. వీధుల్లో తిరగడానికి టికెట్ లేదు. 2007లో మొదలైన యూసీసీఏ అనే కొత్త కళల కేంద్రంతో ఆరంభించి, తర్వాత చిన్న గ్యాలరీల్లోకి వెళ్లండి. సెల్ఫీల షాపులు ఎక్కువయ్యాయి, వాటికి టైం పెట్టకండి.

షాంఘైలో అయితే పాత కరెంటు ప్లాంటులో 2012లో తెరిచిన పవర్ స్టేషన్ ఆఫ్ ఆర్ట్, నది ఒడ్డున మ్యూజియాల వరస వెస్ట్ బండ్, పాత బట్టల మిల్లులో నడిచే గ్యాలరీల చోటు ఎం50. ఒక పూట షాంఘై మ్యూజియం కంచు పాత్రలకు ఉంచండి. మూడువేల ఏళ్ల నాటి దా కె డింగ్ అనే కంచు పాత్ర 200 కిలోలు దాటిన బరువు. జపాన్ సైన్యం వచ్చినప్పుడు సుజౌలోని పాన్ కుటుంబం దీన్ని, దీని జంటలాంటి మరో పాత్రను ఇంట్లోనే గొయ్యి తీసి పాతిపెట్టింది. ఇల్లు సోదా చేసినా దొరకలేదు. 1951లో రెండింటినీ ఆ ఇంటి కోడలు ప్రజలకు ఇచ్చేసింది.

ఏ కొత్త రచన ముందైనా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది దేనితో చేశారు? ఏ సంవత్సరంలో? ఇది ఏ పాతదానికి జవాబు? ఎక్కడైనా షూ బింగ్ 'నేపథ్య కథలు' అనే వరసలోది ఒకటి తగిలితే ఈ మూడూ ఒకేసారి విడిపోతాయి. ముందు నుంచి చూస్తే వెలుగు తెర మీద మెత్తటి సిరా కొండలు. పక్కకు తిరిగి వెనక్కి వెళ్లండి, వెళ్లనిస్తారు. అక్కడ ఎండుపుల్లలు, నలిగిన కాగితం, ప్లాస్టిక్ ముక్కలు టేపుతో అంటించి ఉంటాయి.

8. కుంచె పట్టుకోండి, జాగ్రత్తగా కొనండి

ఒక్క పూటైనా చేతిరాత క్లాసులో కూర్చోండి. పెద్ద నగరాల్లో టూరిస్టులకు చాలాచోట్ల నేర్పిస్తారు. యోంగ్ అనే అక్షరం రాయిస్తారు, శాశ్వతం అని అర్థం. ముఖ్యమైన గీతలు ఎనిమిదీ అందులోనే ఉంటాయి. కుంచెను పెన్నులా వాల్చి పట్టుకోకూడదు, నిట్టనిలువుగా పట్టి భుజం నుంచి కదపాలి. చేతిరాతకు వాడే పల్చటి షువాన్ కాగితం సిరాను నీళ్లలా లాగేస్తుంది. చెయ్యి ఒక్క క్షణం సందేహిస్తే అక్కడ మచ్చ విచ్చుకుంటుంది. నా మొదటి గీత అలాగే చెదిరిపోయింది. మర్నాడు మ్యూజియంలో అదే గీతను ఎనిమిదొందల ఏళ్ల కిందట ఎవరో తడబడకుండా లాగింది చూసి కదల్లేక నిలబడిపోయాను.

టూరిస్టు చోట్ల "నేను ఆర్ట్ స్టూడెంట్‌ని, మా ఎగ్జిబిషన్ చూడండి" అని చక్కటి ఇంగ్లిష్‌లో పలకరించే కుర్రాళ్ల వెంట వెళ్లకండి. లోపల కొనేదాకా వదలరు. ఒక షాపులో చేత్తో గీసిందని నాకు అమ్మిన పటం అచ్చు వేసినదని హోటల్‌కు వచ్చాక తేలింది. ఫోన్ కెమెరాతో బాగా జూమ్ చేసి చూడండి. సన్నటి చుక్కలు కనిపిస్తే అది ప్రింటు. చేత్తో గీసిందైతే సిరా కాగితం వెనక్కి కూడా దిగి ఉంటుంది. పురాతన వస్తువు అంటే అసలు ముట్టుకోకండి. దాదాపు అన్నీ కొత్తవే. ఒకవేళ నిజంగా 1911కు ముందుదైతే దేశం దాటించడం నేరం.

బీజింగ్ ల్యూలిచాంగ్ వీధిలో మంచి కుంచెలు, కాగితాలు దొరుకుతాయి. షువాన్ కాగితం మడవకుండా గొట్టంలో చుట్టి చేతి సామానులో పెట్టుకోండి. కొత్త కుంచె వెంట్రుకలు జిగురుతో బిగిసి ఉంటాయి. వాడే ముందు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, వేళ్లతో మెల్లగా విప్పండి. రాశాక సిరా పూర్తిగా పోయేదాకా చన్నీళ్లతో కడిగి, మొన కిందికి ఉండేలా వేలాడదీసి ఆరబెట్టండి.